మల్బరీ మరక

హీత్రోకు పోయి చుట్టాలను ఎక్కించుకొని రావడం మనలో ప్రతి ఇంటికీ ఉన్న పనే. ఊరగాయ జాడీలు పగలకుండా వచ్చాయా అని ఒకరు, ఇంత చలేమిటమ్మా అని ఇంకొకరు, కారంతా సందడిగా లండను వైపు వస్తూ ఉంటే, చిజిక్ దగ్గర హోగార్త్ రౌండబౌట్ వచ్చేసరికి కారు ఆగిపోతుంది. ముందు లారీ, వెనుక బస్సు. నలభై ఏళ్ళకు పైగా నాకు హోగార్త్ అంటే ఆ రౌండబౌటే. అది ఒక మనిషి పేరనీ, ఆ మనిషి ఇల్లు ఆ రోడ్డు ప్రక్కనే, ఒక ఎత్తైన ఇటుక గోడ వెనుక ఉన్నదనీ నాకు తెలియదు. తెలియకపోవడానికి కారణం లేకపోలేదు. ఆ గోడ ప్రక్కన నిలిచిన ప్రతిసారీ నేను చేతి గడియారం చూసుకొంటూనే ఉన్నాను.

గడిచిన ఆగస్టులో ఆ గోడకు ఉన్న తలుపు తోసుకొని లోపలికి పోయాను. పోవాలని పోలేదు. మా మనవరాలి ట్యూషను మాస్టారుకు జ్వరం వచ్చింది.

ఈ విషయం కొంచెం వివరంగా చెప్పాలి. మా మనవరాలికి పదేళ్ళు. సెప్టెంబరులో గ్రామర్ స్కూలు ప్రవేశపరీక్ష. ఆ పరీక్ష సంగతి మన చదువరులకు నేను చెప్పనక్కరలేదు. మన ఇళ్ళలో పెళ్ళి ముహూర్తానికి కూడా అంత ముందునుంచి ఏర్పాట్లు జరగవు. మా అమ్మాయి ఆసుపత్రిలో ఎనస్థీషియా డాక్టరు. సెలవులు మొదలైన రోజునే ఒక టైంటేబులు వేసి ఫ్రిజ్ తలుపుకు అంటించింది. ఉదయం లెక్కలు, తరువాత ఇంగ్లీషు, మధ్యాహ్నం ఆకారాల ప్రశ్నలు, సాయంత్రం పాత ప్రశ్నపత్రాలు. ఆదివారం సాయంత్రం ఒక గడి ఖాళీగా ఉంటే అందులో "విశ్రాంతి" అని వ్రాసింది. విశ్రాంతి కూడా పాఠం లాగానే కనబడింది నాకు. కాని నేను నోరు మెదపలేదు. ఆ టైంటేబులు వేయడం మా అమ్మాయికి నేర్పినది నేనే.

మాస్టారు రెండు వారాలు రానని కబురు పెట్టినప్పుడు అమ్మాయికి డ్యూటీ. అల్లుడు ఊళ్ళో లేడు. "అమ్మా, నువ్వే దగ్గర కూర్చొని పేపర్లు చేయించు" అని చెప్పి పోయింది. మొదటి రోజు చేయించాను. రెండవ రోజు పిల్ల ముఖం చూస్తే నాకే బాధ వేసింది. పుస్తకాలు మార్చుకొనే నెపంతో లైబ్రరీకి తీసుకొని పోయాను. అక్కడ గోడ మీద ఒక నోటీసు. సెలవులలో పిల్లలకు బొమ్మల తరగతులు, హోగార్త్ ఇంటి తోటలో, పెద్దలు వెంట రావలెను, పాత బట్టలు వేసుకొని రండి, చెట్టు పండ్లు రాలుతున్నాయి అని.

"ఏమి చెట్టు?" అన్నాను అక్కడున్న అమ్మాయితో.

"మల్బరీ చెట్టండీ" అన్నది.

ఆ ఒక్క మాటకే నేను పేరు వ్రాయించేశాను. దానికి కారణం తరువాత చెబుతాను.

బుధవారం ఉదయం చిత్రాన్నం డబ్బాలో పెట్టుకొని, అవ్వా మనవరాలూ బయలుదేరాము. బస్సు దిగి ఆ రోడ్డు అంచున నడుస్తూ ఉంటే లారీల మోతకు ఒకరి మాట ఒకరికి వినబడలేదు. తలుపు తోసి లోపలికి అడుగు పెట్టామో లేదో ఆ మోత తగ్గిపోయింది. పూర్తిగా పోలేదు, కాని ప్రక్కింటి రేడియో లాగా అయింది. నున్నటి పచ్చిక, మూడు అంతస్తుల ఇటుక ఇల్లు, ముందుకు పొడుచుకొని వచ్చిన ఒక కిటికీ. తోటలో మెలికలు తిరిగి వంగిన ఒక ముసలి చెట్టు. దాని క్రింద బల్లలు, కాగితాలు, సిరాబుడ్లు, పదిహేను మంది దాకా పిల్లలు.

ఆ ఇంటాయన సంగతి క్లుప్తంగా చెబుతాను. విలియమ్ హోగార్త్ 1697లో పుట్టి 1764లో పోయాడు. చిత్రకారుడు, రాగిరేకుల మీద బొమ్మలు చెక్కి అచ్చు వేసి అమ్మినవాడు. లండను పెద్దమనుషుల వేషాలనూ, త్రాగుబోతుల దైన్యాన్నీ, జంతువులను హింసించేవారి క్రూరత్వాన్నీ దాచకుండా వేసి చూపించాడు. ఆయన బొమ్మలను ఇతరులు దొంగతనంగా అచ్చు వేసి అమ్ముకొంటూ ఉంటే ఊరుకోక పోరాడాడు. బొమ్మలు చెక్కేవారికి తమ పని మీద హక్కు కల్పించే చట్టం 1735లో వచ్చింది. ఆ చట్టాన్ని ఇప్పటికీ ఆయన పేరుతోనే చెప్పుకొంటారు. చిజిక్ ఇంటిని 1749లో కొన్నాడు. అప్పట్లో ఇది పల్లె. ఊరి రొద తప్పించుకోవడానికి వచ్చేవాడు. ఇప్పుడు ఆ ఊరి రొద అంతా ఆయన గుమ్మం ముందరి నుంచే పోతూ ఉన్నది.

ఆ ఇల్లు 1904 నుండి అందరూ చూడడానికి తెరిచి ఉంచారు. 1940లో బాంబుల వల్ల దెబ్బ తిని, మరమ్మతు జరిగి, 1951లో మళ్ళీ తెరిచారు. 2009లో బాగు చేస్తూ ఉండగా నిప్పు అంటుకొన్నది. 2011లో తిరిగి తెరిచారు. ఇంతటిలోనూ ఆ చెట్టు బ్రతికే ఉన్నది. మూడు వందల ఏళ్ళకు తక్కువ ఉండవని అంటారు. అంటే ఆయన ఇల్లు కొనేనాటికే అది కాపుకు వచ్చిన చెట్టు.

మల్బరీ అనగానే నేను ఎందుకు పేరు వ్రాయించానో ఇప్పుడు చెబుతాను. మాది హిందూపురం దగ్గర పల్లె. పట్టుపురుగుల ఇల్లు. ఆకు కోసి తేవడం, తరిగి తట్టలలో వేయడం, పురుగు పండినాక చంద్రికల మీద పెట్టడం, గూళ్ళు విడదీసి హిందూపురం మార్కెట్టుకు పంపడం, ఇదే మా బ్రతుకు. పురుగులు పెద్దవైనాక రాత్రిపూట ఆకు తింటూ ఉంటే ఇంట్లో వాన పడుతున్నట్లు చప్పుడు. ఆ చప్పుడులోనే నేను ఎక్కాలు వల్లించాను, ఆ చప్పుడులోనే పదో తరగతి పరీక్షకు చదివాను. నాకు మెడికల్ కాలేజీ ఫీజు కట్టినది ఆ పురుగులే.

చిజిక్‌లో ఆ చెట్టు ఆకును వేళ్ళ మధ్య పెట్టి చూసుకొన్నాను. మా ఊరి ఆకు నునుపుగా ఉంటుంది. ఇది గరుకు. ఇది నల్ల మల్బరీ, మనది తెల్ల మల్బరీ. ఇంగ్లండులో పట్టు పండించాలని జేమ్స్ రాజు 1609లో మల్బరీ మొక్కలు వేలకొద్దీ నాటించాడు. అవి ఎక్కువగా నల్ల రకం. పురుగుకు ప్రీతి తెల్ల రకం మీద. ఆ పట్టు నిలవలేదు గాని, పండ్లు మాత్రం మిగిలాయి. నల్లగా, వ్రేలు తగిలితే చిట్లేటంత మెత్తగా, తాకితే నెత్తురులాంటి రసంతో.

ఇక తరగతి సంగతి. నేర్పుతున్న అమ్మాయి ముప్ఫై ఏళ్ళు దాటని పిల్ల. పిల్లలందరికీ ఒక్కొక్క పుల్ల ఇచ్చింది. ఆ చెట్టు క్రింద రాలిన పుల్లలే. దాన్ని సిరాలో ముంచి చెట్టును వేయమన్నది. ఒకసారి గీసిన గీత చెరపడం లేదు, నచ్చకపోతే దాని ప్రక్కనే ఇంకొకటి గీయండి అన్నది.

తక్కిన పిల్లలు ఎగబడి గీస్తున్నారు. మా మనవరాలు కాగితం ముందు కూర్చొని ఉన్నది. పుల్ల సిరాలో ముంచదు. కొంతసేపటికి చేయి ఎత్తి, స్కూలులో అడిగినట్లు, "దీనికి మార్కులు ఎన్ని?" అని అడిగింది.

"మార్కులు లేవమ్మా" అన్నది ఆ అమ్మాయి నవ్వుతూ.

"మరి సరిగ్గా వచ్చిందో లేదో ఎట్లా తెలుస్తుంది?"

ఆ అమ్మాయి ఒక క్షణం ఆగి, "చెట్టును చూడు, కాగితం చూడు, నీకే తెలుస్తుంది" అన్నది. మా పిల్లకు ఆ జవాబు నచ్చలేదు. సంచిలో నుంచి తన పెన్సిలు, రబ్బరు తీసింది. పెన్సిలుతో సన్నగా ఒక గీత గీసింది, రబ్బరుతో చెరిపింది. మళ్ళీ గీసింది, మళ్ళీ చెరిపింది. అరగంటకు ఆ కాగితం చిరుగు పట్టింది. అప్పుడు ఏడ్చింది. గట్టిగా కాదు. కంటి నీళ్ళు కాగితం మీద పడకుండా తల ప్రక్కకు తిప్పుకొని, బుద్ధిమంతురాలి ఏడుపు.

నేను అటువంటి ఏడుపు పూర్వం ఒకసారి చూశాను. అది చెప్పడానికే ఈ వ్యాసం వ్రాస్తున్నాను. మల్బరీ, హోగార్తు అన్నీ దాని చుట్టూ చేసిన ప్రదక్షిణమే.

1986లో మేము చిన్న ఇంటి నుంచి పెద్ద ఇంటికి మారాము. అప్పుడు మా అమ్మాయికి పదేళ్ళు. దానికి బొమ్మలంటే ప్రాణం. మావారు దాని పుట్టినరోజుకు ఒక రంగుల పెట్టె కొనిచ్చారు. రేకు పెట్టె, లోపల ఇరవై నాలుగు రంగులు, రెండు కుంచెలు. అది స్కూలు నుంచి రాగానే పెట్టె తెరిచేది. హోంవర్కు మిగిలిపోయేది. స్కూలు రిపోర్టులో లెక్కల దగ్గర ఒక వాక్యం నాకు నచ్చలేదు. ఇల్లు మారే హడావుడిలో ఆ పెట్టెను తీసి, స్కూలు వారు పాత సామాను అమ్మకానికి పోగు చేస్తూ ఉంటే ఆ సంచిలో వేసి ఇచ్చేశాను. అమ్మాయి అడిగితే, "సామాను బండిలో ఎక్కడో పోయిందమ్మా" అన్నాను. అది ఇల్లంతా వెదికింది. పెట్టెలన్నీ విప్పింది. రెండు మూడు రోజులు వెదికి, తరువాత మెట్ల మీద కూర్చొని తల ప్రక్కకు తిప్పుకొని ఏడ్చింది. ఇదే ఏడుపు. నేను ఇంకొకటి కొనివ్వలేదు. అదీ అడగలేదు.

ఎందుకు చేశానంటే, ఆ రోజులు మీలో చాలామందికి జ్ఞాపకం ఉంటాయి. 1974లో నేను వచ్చినప్పుడు ఎన్ని ఆసుపత్రులకు దరఖాస్తులు పెట్టానో, పేరు చూసి ఎన్ని తిరిగి వచ్చాయో. మన పిల్లలు ప్రక్కవాడికన్నా రెండు మెట్లు పైన ఉంటేనే ఒక మెట్టు దక్కుతుందని నమ్మాము. ఆ నమ్మకం పూర్తిగా తప్పని ఈనాడు కూడా అనలేను. మా అమ్మాయి తన వృత్తిలో సుఖంగానే ఉన్నది. దాని జీవితం పాడు చేశానని చెప్పి ఏడవడానికి ఈ వ్యాసం కాదు. కాని భయపడడం వేరు, అబద్ధం ఆడడం వేరు. పదేళ్ళ పిల్లకు ప్రాణమైన వస్తువును దొంగిలించి, ఆ నేరం సామాను బండి వాడి మీద వేశాను.

ఇంకొక సంగతి ఆ చెట్టు క్రింద కూర్చొని ఉండగానే తట్టింది. మా నాయన నన్ను అట్లా పెంచలేదు. తట్టల అడుగున పరచడానికి మా ఇంట్లో పాత పేపర్లు ఉండేవి. నేను పొయ్యి బొగ్గు తీసుకొని వాటి మీద బొమ్మలు వేసేదాన్ని. లేపాక్షి మాకు పది మైళ్ళ లోపే. తిరునాళ్ళకు పోయినప్పుడు వీరభద్రస్వామి గుడిలో అందరూ దేవుణ్ణి చూస్తే నేను లతామండపం స్తంభాలు చూసేదాన్ని. ఒక్కొక్క స్తంభం మీద ఒక్కొక్క తీగ, పువ్వు, హంస. ఆ మెలికలే చీరల అంచుల మీదికి వచ్చాయి. ఇంటికి వచ్చి ఆ తీగలు పేపర్ల మీద గీసేదాన్ని. ఒకనాడు నాయన చూశాడు. తిడతాడేమో అనుకొన్నాను. రేపు పరీక్ష కూడా. ఆయన పేపరు అటూ ఇటూ త్రిప్పి, "పురుగులకు చూపించాలని వేసినావా? బాగుంది. ఇది తట్టలో వేయద్దు, ప్రక్కన పెట్టు" అన్నాడు. అంతే.

పుల్లాకు బండికి బాకీ ఉన్న ఇంట్లో, మబ్బు పడితే పురుగు చస్తుందని నిద్రపోని మనిషి, ఒక కాగితం ప్రక్కన పెట్టగలిగాడు. మూడు పడకగదుల ఇంట్లో, బ్యాంకులో డబ్బు పెట్టుకొని, నేను పెట్టలేకపోయాను. పేదరికంలో నాకు దొరికిన గంటను, కలిగిన ఇంట్లో నా బిడ్డకు లేకుండా చేశాను.

మళ్ళీ తోటలోకి వస్తాను. ఆ నేర్పే అమ్మాయి మా పిల్లను ఓదార్చలేదు. చిరిగిన కాగితం తీసేసి, పిల్లలందరినీ పిలిచి ఒక మాట చెప్పింది. ఈ ఇంటాయన ఒక గీతను అన్నిటికన్నా అందమైనదని నమ్మేవాడు. నిటారు గీత కాదు, గుండ్రని గీతా కాదు, పాములాగా ఇటూ అటూ ఒంగిన గీత. 1745లో తన బొమ్మ తాను వేసుకొన్నప్పుడు ఆ గీతను రంగుల పలక మీద పెట్టాడు, ప్రక్కన తన కుక్క బొమ్మ వేశాడు. 1753లో ఆ గీత మీద ఒక పుస్తకమే వ్రాశాడు. మీరు ఈ తోటలో అటువంటి గీతలు ఎన్ని ఉన్నాయో వెదికి పట్టుకోండి అన్నది.

పిల్లలు పరుగెత్తారు. ఒకడు నత్త జాడ చూపించాడు. ఒక పిల్ల నీళ్ళు పట్టే గొట్టం చూపించింది. ఒకడు తన చెల్లెలి జడ పట్టుకొని చూపించి దెబ్బ తిన్నాడు. పెద్దవాళ్ళు కూడా చూపించాలన్నది ఆ అమ్మాయి. ఇంగ్లీషు తల్లులు కొమ్మలు, పూలతీగలు చూపించారు. నా వంతు వచ్చింది.

డెబ్బై దాటిన మోకాళ్ళు. అయినా బల్ల మీది సుద్దముక్క తీసుకొని, పిల్లలు గీసుకోవడానికి వదిలిన రాతిపలకల మీద కూర్చొన్నాను. చుక్కలు పెట్టాను. ఏడు, అయిదు, మూడు, ఒకటి. మా అమ్మ పట్టుపురుగుల గది గుమ్మం ముందర వేసే మెలికల ముగ్గు. ఎన్నేళ్ళయిందో వేసి. మెదడు మరచిపోయింది గాని చేయి మరవలేదు. చుక్కను తాకకుండా, చుక్క చుట్టూ తిరిగి, క్రిందుగా పోయి, పైకి లేచి, మొదలైన చోటికే వచ్చింది గీత. చుట్టూ చేరిన పిల్లలు గీత ఎక్కడా తెగలేదని గమనించారు. "మళ్ళీ, మళ్ళీ" అన్నారు. ఆ నేర్పే అమ్మాయి నా ప్రక్కన నేల మీద కూర్చొని, తానూ ఒకటి వేయబోయి, మధ్యలో దారి తప్పి నవ్వింది.

ముగ్గు తప్పితే ఏమి చేస్తారని అడిగింది. "చీరకొంగుతో తుడిచేసేదాన్ని" అని చెప్పబోయి ఆగాను. మా అమ్మ అట్లా చేసేది కాదు. గీత తప్పితే ఆ తప్పిన చోట ఒక పువ్వో ఆకో పెట్టి, ముగ్గును ఇంకొక వైపు నడిపించేది. పొద్దుటి పూట తుడుచుకొంటూ కూర్చొనే తీరిక ఎవరికి? ఆ మాటే చెప్పాను.

మా మనవరాలు అంతసేపూ నా భుజం ప్రక్కన నిలబడి ఉన్నది. "అవ్వా, నీకు ఇది వచ్చని ఎప్పుడూ చెప్పలేదే" అన్నది. దానికి నా దగ్గర జవాబు లేదు. దాని చేతికి సుద్ద ఇచ్చాను. నాలుగో మెలిక దగ్గర తప్పింది. నా ముఖం చూసింది. నేను మాట్లాడలేదు. చాలాసేపు ఆలోచించి, ఆ తప్పిన చోట ఒక నత్తను పెట్టింది. తరువాత లేచిపోయి, బల్ల దగ్గర ఒక కొత్త కాగితం తీసుకొని, పుల్ల సిరాలో ముంచింది.

మధ్యాహ్నం గడ్డి మీద కూర్చొని చిత్రాన్నం తిన్నాము. హోగార్తుకు పిల్లలు లేరు. లండనులో అనాథ శిశువుల కోసం థామస్ కోరమ్ అనే ఓడ కెప్టెను పెట్టిన ఫౌండ్లింగ్ ఆసుపత్రికి 1739లో రాజశాసనం వచ్చినప్పుడు, దాని పెద్దలలో హోగార్త్ ఒకడు. అక్కడ బిడ్డను వదిలే తల్లులు గుర్తుగా ఒక గుడ్డపీలికో, నాణెమో ఇచ్చి పోయేవారు, ఎప్పటికైనా వచ్చి అడగవచ్చునని. ఆ బిడ్డలను పల్లెలలో దాదుల దగ్గర పెంచేవారు. చిజిక్‌లో ఆ దాదుల మీద అజమాయిషీ హోగార్త్ భార్య జేన్ చూసేది. ఈ చెట్టు పండ్లతో ఆమె తీపి వంటకాలు చేసి ఆ పిల్లలకు పెట్టేదని చెబుతారు. నేను ఈ సంగతి చెప్పగా మా మనవరాలు, "ఆ పిల్లలకు పరీక్షలు ఉండేవా?" అని అడిగింది. "ఉండేవి కావు, కాని పనికి పంపేవారు" అన్నాను. ఆలోచించి, "అయితే పండ్లు తిన్నది ఒక్కటే వాళ్ళ సెలవు" అన్నది.

పండ్లు మేమూ తిన్నాము. రాలినవి తినవచ్చునన్నారు. నా చీర కుచ్చెళ్ళ మీద, పిల్ల చొక్కా మీద, దాని బొమ్మ మీద మరకలు. బొమ్మ మీద మరక దానంతట అది పడలేదు. సిరాతో చెట్టును వేసి, పండు చిదిమి వ్రేలితో అద్ది పండ్లు పెట్టింది. ఆ చెట్టు సరిగ్గా ఉన్నదా అంటే, మొదలు లావు, కొమ్మలు ఒకవైపే. కాని ఆ ముసలి చెట్టు ఒంగిన తీరు దానిలో ఉన్నది. రబ్బరు ఎక్కడ పెట్టిందో మరచిపోయి వచ్చింది.

రాత్రి అమ్మాయి డ్యూటీ నుంచి వచ్చింది. నేను వంటింట్లో చొక్కా మరక ఉతుకుతున్నాను. పేపర్లు ఎన్ని అయ్యాయని అడుగుతుందనుకొన్నాను. బల్ల మీది బొమ్మ చూసి, నిలబడిపోయింది. కోటు కూడా విప్పలేదు. వ్రేలితో ఆ కొమ్మ వెంట మెల్లగా రాసింది. పిల్ల నిద్రపోయింది. ఇల్లు నిశ్శబ్దంగా ఉన్నది. ఇప్పుడు చెప్పకపోతే ఇక ఎప్పుడూ చెప్పలేనని తోచింది.

"నీ రంగుల పెట్టె సామాను బండిలో పోలేదమ్మా. నేనే ఇచ్చేశాను" అన్నాను.

అది నా వైపు తిరగకుండానే, "నాకు అప్పుడే తెలుసమ్మా" అన్నది. "స్కూలు అమ్మకంలో బల్ల మీద చూశాను. మూత మీద నాన్న వ్రాసిన నా పేరు ఉన్నది. నా దగ్గర డబ్బులు లేవు."

ఆ మాటకు నేను ఏమీ అనలేకపోయాను. ఇన్నేళ్ళు అది తెలిసి నాతో తిన్నది, తిరిగింది, తన బిడ్డను నా చేతిలో పెట్టి పనికి పోయింది. అబద్ధం నాదైతే మోసినది తాను. తప్పు చేశానని చెప్పాను. అది కోటు విప్పి కుర్చీకి తగిలించి, "అన్నం ఉందా?" అని అడిగింది. చిత్రాన్నం మిగిలి ఉంటే పెట్టాను. తింటూ, ఆ చెట్టు ఎక్కడ ఉన్నదని అడిగింది. రౌండబౌట్ దగ్గర అంటే నమ్మలేదు.

మరుసటి రోజు చూస్తే ఫ్రిజ్ మీది టైంటేబులులో బుధవారం గడి కొట్టివేసి ఉన్నది. దాని మీద ఏమీ వ్రాసి లేదు. తక్కిన రోజులు అట్లాగే ఉన్నాయి. లెక్కలు లెక్కలే. ఆగస్టులో మిగిలిన బుధవారాలు మేము ఆ తోటకు పోయాము. చివరి బుధవారం అమ్మాయి సెలవు పెట్టి తానూ వచ్చింది. పెద్దవాళ్ళ బల్ల దగ్గర కూర్చొని, మొదట కొంతసేపు కాగితం వైపు చూస్తూ ఊరకే ఉన్నది. తరువాత వేసింది. ఏమి వేసిందో నేను చూడలేదు. దూరంగా కూర్చొన్నాను.

లైబ్రరీ నుంచి హోగార్త్ మీద పుస్తకం తెచ్చుకొని చదివాను. ఆయన 1747లో పన్నెండు బొమ్మల వరుస ఒకటి వేశాడు. పట్టు మగ్గాల దగ్గర పని నేర్చుకొనే కుర్రవాళ్ళు ఇద్దరు. ఒకడు శ్రద్ధగా పని చేసి లండను మేయరవుతాడు. రెండవవాడు సోమరితనం వల్ల ఉరికంబానికి పోతాడు. చూడగానే, ఇది మన ఇళ్ళలో రోజూ చెప్పే పాఠమే కదా అనుకొన్నాను. తమాషా ఏమిటంటే, ఆ బొమ్మలు వేసిన మనిషి లాటిన్ పంతులుగారి కొడుకు. బడిలో తన పుస్తకాలలో పాఠం కన్నా పాఠం చుట్టూ వేసిన అలంకారాలే ఎక్కువ పేరు తెచ్చుకొన్నాయని ఆయనే వ్రాసుకొన్నాడు. వెండి సామాను మీద నగిషీ చెక్కే వాని దగ్గర చేరి, ఆ పని గడువు పూర్తి కాకముందే విడిచి వచ్చాడు. పాఠం చెప్పడానికి ఇద్దరు కుర్రవాళ్ళూ కావలసి వచ్చారు. ఆయన లోపల మాత్రం ఇద్దరూ ఒక్కరే అయి ఉంటారని నాకు అనిపిస్తుంది.

పరీక్ష ఏమైందని దయచేసి అడగవద్దు. అడుగుతారని తెలుసు. మనవాళ్ళం కదా. ఫలితం ఏదైనా, ఈ వ్యాసానికి దానితో పని లేదు. పాసైతే బొమ్మలు వేసినందువల్ల పాసైందంటారు, తప్పితే బొమ్మల వల్లనే తప్పిందంటారు. బుధవారం బుధవారమే.

ఒక్క మనవి చేసి ముగిస్తాను. ఈసారి హీత్రో నుంచి వస్తూ చిజిక్ దగ్గర కారు ఆగితే, విసుక్కోకుండా ఆ ఇటుక గోడ వైపు చూడండి. ఇల్లు చూడడానికి టిక్కెట్టు లేదు. సెలవులలో పిల్లలను, వీలైతే వాళ్ళ తల్లిదండ్రులను కూడా తీసుకొని పొండి. పాత బట్టలు వేసుకోండి. మల్బరీ మరక అంత సులభంగా పోదు. నేను రెండు సబ్బులు అరగదీశాను. చొక్కా మీద ఇంకా ఉన్నది. మా అమ్మాయి పారేయవద్దన్నది.